ఆగరా, మ్యాపు చూసుకోవాలి

వెండెల్ టిపెట్స్ మ్యాపు చూడనిదే అడుగు తీసి అడుగు వెయ్యడు. ఇది మాటవరసకి అంటున్నది కాదు. నెవాడాలో ఈశాన్యపు మూలనున్న జూనిపర్ వెల్స్ ఊరికి ఉన్నది ఒకటే వీధి. దానికి ఒక చివర పెట్రోలు బంకు, రెండో చివర శ్మశానం. ఆ ఊళ్ళో పుట్టి, ఆ ఊళ్ళోనే పెరిగి, ముప్ఫయ్యేళ్ళు ఆ ఊరి బడి బస్సు నడిపి రిటైరైన మనిషి, ఇంటి నుంచి పెట్రోలు బంకుకి బయల్దేరే ముందు జేబులోంచి ఫోను తీసి దారి చూసుకుంటాడు. చూసి "ఇది తప్పు" అంటాడు. రెండో జేబులోంచి కాగితం మ్యాపు తీసి, గాలికి ఎగిరిపోకుండా మోకాలితో నొక్కిపెట్టి చూసి "ఇదీ తప్పే" అంటాడు. ఆ తర్వాత తృప్తిగా బయల్దేరతాడు.

చిత్రమేమిటంటే, మ్యాపులంటే అంత ప్రాణం పెట్టే మనిషికి ఏ మ్యాపు మీదా నమ్మకం లేదు. సర్వే శాఖ మ్యాపులో వాగులు ఉంటాయి కానీ వాటిలో నీళ్ళుండవంటాడు. అటవీ శాఖ మ్యాపులో రోడ్లు ఉంటాయి కానీ వాటి మీద చెట్లు మొలిచాయంటాడు. ఫోనులో మ్యాపులైతే సరే సరి. ఊళ్ళో వేటగాళ్ళంతా తలా ఒక యాప్ పెట్టుకుని బతుకుతుంటే వెండెల్ ఫోనులో అయిదు ఉన్నాయి. అయిదింటికీ ఏడాది చందా కడతాడు, అయిదింటినీ రోజూ తిడతాడు.

ఇదంతా క్లైడ్ రోలీకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. క్లైడ్, వెండెల్ ఒకే బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పంతులమ్మ చేత చెవులు మెలి వేయించుకున్నవాళ్ళు. తర్వాత వెండెల్ బస్సెక్కాడు, క్లైడ్ బంగారు గనిలో రాళ్ళు మోసే పెద్ద ట్రక్కెక్కాడు. అయినా ప్రతి ఏడాదీ ఆకులు పసుపు తిరగ్గానే ఇద్దరూ కలిసి వేటకి వెళ్ళాల్సిందే. వెళ్ళడమంటే క్లైడ్ నడవడం, వెండెల్ ఆపడం. నాలుగడుగులు వేస్తే చాలు, "ఆగరా, మ్యాపు చూసుకోవాలి" అంటాడు. మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ "ఆగరా." వీళ్ళిద్దరూ ఆగి మ్యాపు చూసుకుంటూ ఉండగా జింకలు పక్కనుంచే దాటుకుని వెళ్ళిపోయాయని ఊళ్ళో ఒక కథ ఉంది. అది అబద్ధం. ఒక్కసారే అలా జరిగింది.

నిజానికి ఆ ప్రాంతంలో మ్యాపు లేకుండా వేటాడటం కుదరదు. రైలు పట్టాలు వేసిన కాలంలో నేలంతా చదరంగం పలకలా గళ్ళు గళ్ళుగా పంచేశారు. ఒక గడి సర్కారుది, దాని పక్క గడి ఎవరో ఒక పశువుల కాపు సొంతం. సర్కారు గడిలో ఎవరైనా వేటాడొచ్చు. సొంత గడిలో బూటు కొస పెట్టినా జరిమానా. మధ్యలో కంచె ఉండదు, గీత ఉండదు, అంతా ఒకే రకం ముళ్ళ పొదలు. ఆ గీత ఉన్నది మ్యాపులోనే. కాబట్టి వెండెల్ కొత్త యాప్ కొన్నప్పుడల్లా ముందుగా తన ఇంటి మీదే పరీక్ష పెడతాడు. ఇంటి హద్దు తెలియనిది కొండ హద్దు ఏం చెబుతుందని అతని వాదన. ఒకసారి ఆ పరీక్షలో ఒక యాప్ దొరికిపోయింది. వెండెల్ వెంటనే ఆ కంపెనీకి ఫోను చేశాడు. క్లైడ్ పక్కనే కూర్చుని ఉన్నాడు.

"మీ యాప్ ప్రకారం మా స్నానాల తొట్టి సగం సర్కారు భూమిలో ఉందమ్మా."

"అంటే ఏమిటి సార్ ఇబ్బంది?" అంది అవతలి అమ్మాయి.

"నేను ఒళ్ళు రుద్దుకుంటుంటే ఎవడైనా తుపాకీ పట్టుకొచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చోవచ్చు. చట్టం ఒప్పుకుంటుంది."

ఆ అమ్మాయి మ్యాపు తెరిచి చూసింది. "తల వైపు ఎవరిది సార్?"

"తల వైపు నాదే."

"అయితే కాళ్ళు ముడుచుకోండి సార్, ఈలోగా సరిచేస్తాం."

ఆ జవాబు వెండెల్‌కి ఎంతో నచ్చింది. మర్యాద తెలిసిన కంపెనీ అని మరుసటి ఏడాదికి కూడా చందా కట్టేశాడు.

ఊరి హోటల్లో పొద్దున్నే కాఫీకి చేరే జనానికి వెండెల్ వల్ల బోలెడంత కాలక్షేపం. వాళ్ళలో గొంతు పెద్దది టాడ్ బర్చ్‌ది. ఇన్సూరెన్స్ అమ్ముతాడు, ఇంకా నలభై నిండలేదు. టోపీ నుంచి మేజోళ్ళ దాకా ఒంటి మీద అంతా ఆకుల రంగే. కాఫీ ఫ్లాస్కు కూడా ఆకుల రంగే. దాన్ని ఎక్కడ పెట్టాడో వెతుక్కోవడంలోనే అతనికి సగం సీజను గడిచిపోతుంది. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్న సామెత ఆ ఎడారి దాకా చేరలేదు గానీ, చేరి ఉంటే టాడ్ రోజుకోసారి వెండెల్ మీద వాడేవాడు.

"వెండెల్ పెద్దాయన చివరిసారి జంతువుని కొట్టింది ఎప్పుడో ఎవరికైనా గుర్తుందా?" అనేవాడు అందరికీ వినపడేలా.

"బస్సుతో కొట్టాడు ఒకసారి. కుందేలుని" అని ఎవరో అందించేవారు.

"అది లెక్కలోకి రాదు. ఆగి మ్యాపు చూసుకోలేదు కదా."

వెండెల్ నొచ్చుకునేవాడు కాదు. దున్నపోతు మీద వాన కురిసినట్టే. పైగా టాడ్ ఫోను లాక్కుని చూసి, "నీ యాప్‌లో ఉత్తరం కొంచెం పక్కకి జరిగింది, చూసుకున్నావా?" అనేవాడు. టాడ్ ఆ పూటంతా ఉత్తరం కోసం వెతుక్కునేవాడు.

ఇలా సాగిపోతున్న బతుకులోకి వసంతకాలంలో ఒక పిడుగు పడింది. క్లైడ్‌కి సర్కారు లాటరీలో ఎల్క్‌ని, అంటే గుర్రమంత జింకని, వేటాడే పర్మిట్ వచ్చింది.

పెళ్ళయి పిల్లలు పుట్టి వాళ్ళకి బట్టతలలు వచ్చేలోగా ఈ పర్మిట్ ఒక్కసారి వస్తే అదృష్టవంతుడి కింద లెక్క. మగ ఎల్క్, కొమ్ములు మనిషి చేతులు చాపినంత. క్లైడ్ జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచి ఏటా దరఖాస్తు పెడుతూనే ఉన్నాడు. ఒకసారి వచ్చాక మళ్ళీ కొన్నేళ్ళ దాకా దరఖాస్తే పెట్టనివ్వరు. క్లైడ్ వయసుకి ఆ లెక్క వేసుకుంటే, మొదటిదీ ఇదే, చివరిదీ ఇదే. ఈ శరత్కాలంలో కొట్టాలి, లేదా ఆ కోరికని పాతిపెట్టాలి.

ఆ రాత్రి క్లైడ్ భార్య లోర్నా భోజనాల దగ్గర సంగతి ఎత్తింది.

"సంతోషమే. కానీ నీ తుంటి మాటేమిటి?"

"నా తుంటికేం? శుభ్రంగా ఉంది."

"మెట్లెక్కుతుంటే మూలుగుతావు."

"బూటు కొత్తది. కరుస్తోంది."

ఆ బూట్లు కొన్నప్పుడు వాళ్ళ కూతురు బడికి వెళ్తూ ఉండేది. గని ట్రక్కు ఎక్కి దిగి ఎక్కి దిగి క్లైడ్ కుడి తుంటి కీలు అరిగిపోయింది. డాక్టరు ఆ మాటే చెప్పాడు, ఎక్స్‌రే ఫొటో తీసి చూపించాడు. క్లైడ్ ఆ ఫొటో వేరే ఎవరిదో అన్నాడు. కొన్నేళ్ళుగా అతని కుంటు నడక ఊరంతా చూస్తూనే ఉంది. అతనితో ఆ మాట అనే ధైర్యం మాత్రం లోర్నాకి తప్ప ఎవరికీ లేదు.

"పోనీ తోడు ఎవర్ని తీసుకెళ్తావు?"

"ఇంకెవర్ని, వెండెల్‌ని."

లోర్నా గరిటె కింద పెట్టేసింది. "ఆ కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషినా? క్లైడ్, అతను చోటు తేల్చేసరికి ఆ ఎల్క్ ముసలిదై చస్తుంది."

వెండెల్ మటుకు పిలవకుండానే వచ్చేశాడు. మర్నాడు పొద్దున్నే చంకలో మ్యాపుల చుట్టలు, చేతిలో రెండు ఫోన్లు, ఒక భూతద్దం. చోటు వెతకడం తన పని, కాల్చడం ఒక్కటే క్లైడ్ పని అని ప్రకటించి, వంటింటి బల్ల మీద నుంచి పూలకుండీ తీసి నేల మీద పెట్టాడు. ఆ పూలకుండీ శరత్కాలం దాకా నేల మీదే ఉంది.

వేసవంతా ఆ బల్ల దగ్గర రామాయణంలో పిడకల వేటే. క్లైడ్‌కి తెలిసిన మంచి చోట్లు చాలా ఉన్నాయి. ఒక్కొక్కటే బయటపెట్టాడు.

"డెడ్ మ్యూల్ కొండ మీదికి పోదాంరా. అక్కడ ఎల్క్ ఉండని ఏడాది లేదు."

వెండెల్ ఫోను చూశాడు. "ఈ యాప్‌లో డెడ్ మ్యూల్ అనే పేరే లేదు. పేరు లేని చోటికి ఎలా వెళ్తాం?"

"ముప్ఫయ్యేళ్ళుగా వెళ్తున్నాం కదరా."

"అప్పుడు మనకి చదువు లేదు."

"పోనీ టీపాట్ కనుమ."

వెండెల్ కాగితం మ్యాపు మీద భూతద్దం పెట్టాడు. ఆ మ్యాపుల్లో గీతలు ఎంత దగ్గర దగ్గరగా ఉంటే కొండ అంత నిటారుగా ఉన్నట్టు. "గీతలు మరీ ఒత్తుగా ఉన్నాయిరా. నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

"మ్యాపు చూస్తేనే కళ్ళు తిరిగితే, కొండ చూస్తే ఏమౌతావు?"

"అందుకే వద్దంటున్నా."

మూడో చోటుకి నీడ ఎక్కువన్నాడు. నాలుగో చోటు మ్యాపులో మడత మీద వచ్చింది, మడత మీద వేట కలిసిరాదన్నాడు. ఒక యాప్ వద్దని ఇంకోటి కొన్నాడు, దాన్నీ వద్దని పాతదానికే వచ్చాడు. ఒక మధ్యాహ్నం మళ్ళీ ఆ మర్యాద తెలిసిన కంపెనీకి ఫోను చేశాడు.

"మీ మ్యాపులో కూర్చునే చోట్లు చూపిస్తారా అమ్మా?"

"హోటళ్ళా సార్?"

"అడవిలోనమ్మా. మనిషి కూర్చోవడానికి."

"అలాంటివి లేవు సార్. కొండలు, వాగులు, హద్దులు, గాలి ఎటు వీస్తోంది, చంద్రుడు ఎప్పుడొస్తాడు, అన్నీ ఉన్నాయి."

"చంద్రుడి మీద కూర్చుంటామా? మరి దేనికి తీసుకుంటున్నారు చందా?" అని పెట్టేశాడు. క్లైడ్ తల పట్టుకున్నాడు. వేటకి పోయేది నడవడానికా, కూర్చోవడానికా అని లోర్నా లోపలి నుంచి అడిగింది.

వీటన్నిటికీ తోడు, ప్రతి మంగళవారం వెండెల్ మాయమైపోయేవాడు. ఎక్కడికిరా అంటే పక్క ఊళ్ళో పళ్ళ డాక్టరు దగ్గరికి అనేవాడు. వెండెల్ నోట్లో ఉన్నవన్నీ కట్టుడు పళ్ళే.

"దానికి నువ్వెందుకు వెళ్ళడం? పళ్ళని పంపితే సరిపోదూ?" అన్నాడు క్లైడ్.

"ఒంటరిగా పంపితే దారి తప్పుతాయి" అన్నాడు వెండెల్, మ్యాపులోంచి తల ఎత్తకుండా.

సీజను మొదలైంది. తొలి రోజు చీకటితోనే క్లైడ్ కోటు తొడిగి, రైఫిల్ తుడిచి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని సిద్ధంగా కూర్చున్నాడు. వెండెల్ వచ్చి కిటికీలోంచి ఆకాశం చూసి, "ఇంకా చలి పడలేదు. మ్యాపు ఒప్పుకోవట్లేదు" అన్నాడు. రెండో రోజూ అదే మాట. ఆ వారం చివరికొచ్చేసరికి క్లైడ్ ఓపిక చచ్చింది.

"ఒరేయ్, నాకు వచ్చిందే ఒక్క పర్మిట్. మళ్ళీ రాదు. నువ్వు ఇలా మ్యాపులు నాకుతూ కూర్చుంటే సీజనే అయిపోతుంది. నీకు చేతకాకపోతే చెప్పు."

"కొంచెం ఆగరా" అన్నాడు వెండెల్.

"పుట్టినప్పటి నుంచీ ఆగుతూనే ఉన్నానురా నీతో. నీ మ్యాపులు నువ్వే కాల్చుకు తిను" అని క్లైడ్ వాటిని చుట్టగా చుట్టి వెండెల్ చేతిలో పెట్టాడు. వెండెల్ పూలకుండీ తీసి బల్ల మీద పెట్టి, మ్యాపులు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు క్లైడ్ టాడ్‌తో వెళ్ళాడు. కొండ నడుమన అద్భుతమైన చెరువు ఉందని, ఉపగ్రహం తీసిన ఫొటోలో నీలంగా మెరుస్తోందని, ఎల్క్‌లన్నీ అక్కడికే వస్తాయని టాడ్ హోటల్లో ప్రతి టేబులుకీ ఫోను తిప్పి చూపించాడు. తన రహస్యం ఇంతమందికి చెప్పుకున్న వేటగాణ్ణి ఆ ఊరు అంతకుముందు చూడలేదు.

టాడ్ నడిస్తే నడకే. ఆగడం లేదు, వెనక్కి చూడటం లేదు. అరగంటలో క్లైడ్ తుంటిలో ఎవరో మేకు దిగ్గొడుతున్నట్టయింది. పళ్ళు బిగించి నడిచాడు. ఇక వల్ల కాక నేల మీద కూలబడ్డాడు. కూలబడ్డాక తెలిసింది, లేవలేనని. పొద పట్టుకుని లేవబోతే పొదే ఊడి చేతికొచ్చింది.

"ఏం పెద్దాయనా, తుంటి పట్టేసిందా?" అని పైనుంచి టాడ్ కేకపెట్టాడు. వాడికి మనసులో ఏమీ లేదు, పాపం, గొంతే అంత. కానీ ఆ కేక నాలుగు కొండలకి తగిలి నాలుగుసార్లు తిరిగొచ్చింది. చివరికి టాడ్ వచ్చి చంకల కింద చేతులు పెట్టి చంటిపిల్లాణ్ణి లేపినట్టు లేపాడు. అంతా అయ్యాక చెరువు దగ్గరికి చేరితే అక్కడ పగుళ్ళిచ్చిన బురద, దాని మధ్య ఒక పాత టైరు తప్ప ఇంకేం లేవు. ఫొటో తీసింది ఎప్పుడో వానలు బాగా పడ్డ ఏడాది. టాడ్ నమ్మలేక ఫోను వైపూ బురద వైపూ మార్చి మార్చి చూశాడు. ఫోనులో మాత్రం నీళ్ళు నిండుగా ఉన్నాయి.

ఇంటికొచ్చి క్లైడ్ రైఫిల్ బీరువాలో పెట్టి తాళం వేశాడు. "అయిపోయింది" అన్నాడు లోర్నాతో. అంతకాలం ఎదురుచూసిన పర్మిట్ చొక్కా జేబులోనే ఉంది. దాన్ని తీసి చూసుకోవడానికి కూడా అతనికి సిగ్గేసింది. లోర్నా వేణ్ణీళ్ళ సంచీ తెచ్చి తుంటి కింద పెట్టింది.

రెండు రోజుల తర్వాత కొండల మీద మంచు పడింది. తెల్లవారుతుండగా వెండెల్ తలుపు కొట్టాడు. చేతిలో మ్యాపుల్లేవు, ఒక ఫోనే ఉంది.

"పదరా. చోటు తేలింది."

"నేను రాను."

"మంచుకి పైనున్న ఎల్క్‌లన్నీ కిందికి దిగుతాయి. ఇవాళే."

"రానన్నానా?"

లోర్నా వచ్చి క్లైడ్ కోటు అతని ఒళ్ళో పడేసింది. "వెళ్ళు. ఇంట్లో కూర్చుని ఆ మొహం నాకు చూపించకు. నేను భరించలేను." క్లైడ్ గొణుక్కుంటూ కోటు తొడుక్కున్నాడు.

వెండెల్ బండి తిన్నగా తీసుకెళ్ళి ఎచెపారే వాళ్ళ గేటు దగ్గర ఆపాడు. మేరీ ఎచెపారే అంటే ఆ చుట్టుపక్కల వేటగాళ్ళకి హడల్. వాళ్ళ తాతలు స్పెయిన్ కొండల్లోని బాస్క్ సీమ నుంచి వచ్చి, గొర్రెల్ని కాసి ఆ నేల కొన్నారు. ఆమె గడి వెనకాల సర్కారు గడి ఒకటి ఉంది. దారి మాత్రం ఆమె గేటులోంచే. అనుమతి అడగడానికి వెళ్ళిన టాడ్‌ని ఆమె కుక్కలు రోడ్డు దాకా సాగనంపాయి. అలాంటి మేరీ ఇవాళ స్వయంగా వచ్చి గేటు తీసింది.

"ఏమయ్యా టిపెట్స్, కాలెలా ఉంది?" అంది ఓరగా నవ్వుతూ.

"కుదురుకుందండీ" అన్నాడు వెండెల్ గబగబా.

"కర్ర కూడా లేదే."

"పళ్ళ డాక్టరు బాగు చేశాడండీ" అని బండి ముందుకి ఉరికించాడు.

"నీ కాలికేమైందిరా?" అన్నాడు క్లైడ్.

"ఆవిడకి కళ్ళు సరిగా కనపడవు."

బండి దిగి నడక మొదలుపెట్టారు. పాతకాలపు గొర్రెల కాపరుల బాట అది. ఆస్పెన్ చెట్ల మధ్య నుంచి మెల్లగా, ఎక్కుతున్నట్టే తెలియకుండా ఎక్కుతుంది. తెల్లటి బెరడు మీద ఎప్పటి కాపరులో చెక్కుకున్న పేర్లు నల్లబడి ఉన్నాయి. తుంటిలో మేకు కదలడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే వెండెల్ "ఆగరా, మ్యాపు చూసుకోవాలి" అన్నాడు. క్లైడ్ విసుగ్గా పక్కకి చూశాడు. అక్కడ కుర్చీ అంత ఎత్తున ఒక దుంగ నిలబెట్టి ఉంది. కూర్చున్నాడు. లేచేటప్పుడు ఎవరి చెయ్యీ అక్కర్లేకపోయింది.

"ఎవరో కోసి పెట్టార్రా దీన్ని."

"వాగులో ఉండే బీవర్లు పళ్ళతో చెట్లు కొరుకుతాయిగా, వాటి పనే అయి ఉంటుంది."

"బీవర్లు రంపంతో కోస్తాయా?"

"ఈ మధ్య అన్నీ మారిపోయాయి" అన్నాడు వెండెల్.

ఇంకొంచెం నడిచారు. మేకు కదిలింది. "ఆగరా." అక్కడ ఇంకో దుంగ. మళ్ళీ నడక, మళ్ళీ "ఆగరా", మూడో దుంగ. రంపపు పొట్టు ఇంకా దాని మొదట్లో అంటుకునే ఉంది. క్లైడ్ కూర్చుని వెండెల్ వైపు తేరిపార చూశాడు. వెండెల్ నుదురు ముడిచి, ఫోను ముక్కుకి ఆనించుకుని, తలాడిస్తూ మహా శ్రద్ధగా చూస్తున్నాడు. ఫోను తెర నల్లగా ఉంది. అసలు వెలిగించనేలేదు.

క్లైడ్‌కి తన తుంటి పాడైన ఏడాది నుంచీ వేటకి వెళ్ళిన ప్రతి నడకా ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగింది. తను అడుగు తడబడినప్పుడల్లా వీడు ఆపాడు. తన ఊపిరి కుదుటపడ్డాకే మళ్ళీ కదిలాడు. నెపం మ్యాపు మీదికి నెట్టాడు, ఊరి చేత నవ్వించుకున్నాడు, ఒక్కసారి కూడా తుంటి మాట ఎత్తలేదు. బల్ల దగ్గర కొట్టేసిన కొండలన్నీ తను ఎక్కలేని కొండలే. ఇంత మనిషిని పక్కన పెట్టుకుని తను ఇన్నాళ్ళూ వీణ్ణి విసుక్కున్నాడు. క్లైడ్‌కి కోపం వచ్చింది, సిగ్గేసింది, లేచి వెళ్ళి వెండెల్‌ని కావలించుకోవాలనీ అనిపించింది. ఆ ఊళ్ళో మగవాళ్ళు అలాంటి పనులు చెయ్యరు. అందుకని ముక్కు చీదుకున్నాడు.

"మ్యాపు ఏమంటోందిరా?" అన్నాడు.

"ఇంకో దుంగ... ఇంకో మలుపు ఉందంటోంది."

ఆ మలుపులో నాలుగో దుంగ మీద కూర్చున్నారు. ఎదురుగా చిన్న మైదానం, దాని మీద పలచగా మంచు. ఆస్పెన్ చెట్లలోంచి ముందు ఆడవి వచ్చాయి, వాటి వెనకాల కొమ్ములు చెట్లకి తగలకుండా తల పక్కకి వంచుకుంటూ మగది వచ్చింది. క్లైడ్ రైఫిల్ మోకాలి మీద ఆనించాడు. వెండెల్ కళ్ళు మూసుకున్నాడు. ఒక్క మోతతో అంతా అయిపోయింది. ఎన్నో ఏళ్ళ దరఖాస్తులు ఆ మంచు మీద ప్రశాంతంగా ఒరిగిపోయాయి.

మోత వినగానే మేరీ ఎచెపారే రెండు కంచరగాడిదల్ని తోలుకుంటూ వచ్చేసింది. మాంసం మొయ్యడానికి వెండెల్ ముందే మాట్లాడి పెట్టాడన్నమాట. ఆమె క్లైడ్‌ని కింది నుంచి పైదాకా చూసింది.

"తుంటి మనిషివి నువ్వేనా?"

"మేరీ గారూ, గాడిదలు అటు పోతున్నాయండీ" అన్నాడు వెండెల్.

"పోనీయ్. వేసవంతా మంగళవారం మంగళవారం వచ్చేవాడయ్యా. కాలు వంగకుండా బద్దలు కట్టుకుని, చేత్తో కర్ర పట్టుకుని, వీపున బరువు వేసుకుని, ఈ బాటంతా కాళ్ళకి బలపాలు కట్టుకుని తిరిగాడు. కుంటివాడనుకుని జాలిపడి సూపు పెట్టాను, గొర్రెమాంసం పెట్టాను. ఒకరోజు చూద్దును కదా, బండి దగ్గర బద్దలు ఊడదీసి టకటకా నడుస్తున్నాడు. తుపాకీ తీశాను. అప్పుడు చెప్పాడు."

"ఏం చెప్పాడు?"

"నా స్నేహితుడు ఎక్కడెక్కడ కూర్చోవాల్సి వస్తుందో చూసుకుంటున్నా, ఈ మ్యాపుల్లో ఎందులోనూ అది లేదు అన్నాడు. ఆ స్నేహితుడికి ఈ సంగతి చెప్పొద్దు, చెప్తే నన్ను చంపేస్తాడు అన్నాడు." మేరీ అక్కడితో ఆగి క్లైడ్ చేతిలో రైఫిల్ వైపు చూసింది. "కొంచెం అది పక్కన పెట్టవయ్యా."

క్లైడ్ రైఫిల్ చెట్టుకి ఆనించాడు. వెండెల్ చెవులు ఎర్రబడిపోయాయి. ఎవరి వైపూ చూడకుండా వంగి, కత్తికి పదును పెడుతున్నాడు. ఆ కత్తి పొద్దున్నే పదును పెట్టిందే. క్లైడ్ వెళ్ళి అతని పక్కన నిలబడ్డాడు. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి.

"ఆ మూడో దుంగ కాస్త ఎత్తుగా ఉందిరా."

వెండెల్ చెయ్యి ఆగింది. తల ఎత్తకుండానే అన్నాడు, "వచ్చే ఏడాదికి బెత్తెడు కోసేస్తాలే."

"వచ్చే ఏడాది మనకి పర్మిట్ ఎక్కడిదిరా?"

"కూర్చోవడానికి కూడా పర్మిట్ కావాలా?" అన్నాడు వెండెల్.